రజను వేరు, తరుగు వేరు

అమలాపురంలో గొలుసు చేయించుకుంటే బిల్లులో ‘తరుగు’ అని రాశారని, కంసాలి గారు మాత్రం ‘రజను పోతుందమ్మా’ అన్నారని, రెండూ ఒకటేనా అని అడిగారు. కాదండీ.

ఆకురాయితో రుద్దినప్పుడు రాలే లోహపు పొడి రజను. సంస్కృతంలో ధూళిని రజస్సు అంటారు, దాని నుంచే వచ్చింది. రజోగుణంలో ఉన్నదీ ఆ మాటే. రజతం గుర్తొచ్చినా ఇక్కడ వెండి ఊసు లేదు, ఏ లోహానికైనా చెల్లుతుంది. పిల్లల సైన్సు పుస్తకంలో కాగితం మీద చల్లి, కింద అయస్కాంతం పెట్టి చూపించే ఇనుప రజను ఇదే. అజ్జరంలో ఇత్తడి గంటలను ఆకురాయి పడితే రాలేదీ రజనే. కాకపోతే అయస్కాంతం పెట్టినా అది కదలదు.

తరుగు అచ్చ తెలుగు మాట, తగ్గిన తూకమని అర్థం. కరిగించడంలో, అతకడంలో, మెరుగు పెట్టడంలో పోయేదంతా అందులోకే వస్తుంది. రజను అందులో కొంత మాత్రమే. పైగా బంగారు రజను ఎక్కడికీ పోదు! కుంపటి చుట్టూ కుంచెతో ఊడ్చి, దాచి, మళ్లీ కరిగిస్తారు. అందుకే తరుగు శాతం ఎక్కువ అనిపిస్తే మొహమాటపడకుండా బేరమాడండి.