కంచం కాదు, కడవ చూడండి

ప్రశ్న: మాది గుణుపూర్ దగ్గర వంశధార ఒడ్డున పల్లె. వేసవిలో మా మరిదికి కళ్లు పచ్చబడి, రక్తపరీక్షలో హెపటైటిస్ ఇ అని తేలింది. అదే నెలలో ఆయన భార్యకు, ఆరో నెల గర్భిణికి, హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బి ఉందో లేదో చూసే పరీక్ష) పాజిటివ్ వచ్చింది. ఆమెకు ఏ బాధా లేదు. భర్త నుంచే అంటిందని మా అత్తగారు ఆమె కంచం, గ్లాసు వేరుపెట్టారు. పసరు పోయిస్తామంటున్నారు. బిడ్డకు పాలివ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, రాయగడ జిల్లా

జవాబు: అమ్మా, ఆ ఇద్దరిలో ఉన్నవి వేర్వేరు వైరస్‌లు: ఆయనకు ఇ, ఆమెకు బి. ఒకటి మరొకటిగా మారదు. కామెర్లు అనేది కాలేయం దెబ్బతిన్నప్పుడు పైకి కనిపించే లక్షణమే తప్ప ఒక జబ్బు పేరు కాదు.

హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు రోగి మలం నుంచి నీటిలోకి, ఆ నీటి ద్వారా మరొకరి నోటిలోకి చేరతాయి. 1955–56లో యమునలో కలిసిన మురుగు ఢిల్లీ మంచినీటి సరఫరాలోకి చేరినప్పుడు సుమారు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. ఆ వైరస్ ఇ అని చాలా ఏళ్ల తర్వాత గాని తెలియలేదు. ఏటి ఇసుకలో తవ్విన చెలమకు ఎగువన బహిర్భూమి ఉన్నా, మురుగు కాలువలో మునిగిన కుళాయి గొట్టం పగిలినా జరిగేది అదే. హెపటైటిస్ ఇ బయటపడడానికి 2 నుంచి 10 వారాలు పడుతుంది కాబట్టి నిన్న తిన్న తిండిని తప్పుపట్టడం వల్ల ప్రయోజనం లేదు. గుడ్డతో వడకట్టినంత మాత్రాన వైరస్ ఆగదు. నీళ్లు తెర్లే వరకు కాచి, మరికొన్ని నిమిషాలు మరగనిచ్చి, మూతపెట్టి, కాడ ఉన్న గరిటెతోనే ముంచుకోవాలి. పఖాళలో (నీళ్లలో నానబెట్టిన అన్నంలో), తరవాణిలో పోసే నీళ్లు కూడా కాచి చల్లార్చినవే కావాలి. అన్నం ఉడికింది కదా అని చాలామంది ఈ సంగతి మరచిపోతారు.

మీ ఇంట్లో భయం తప్పుచోట ఉంది. హెపటైటిస్ బి కంచం వల్ల, కౌగిలి వల్ల, కలిసి తినడం వల్ల అంటదు. కానీ నిండు నెలల్లో హెపటైటిస్ ఇ సోకిన గర్భిణుల్లో నూటికి 20 నుంచి 25 మంది వరకు ప్రాణాలు కోల్పోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కంచం వేరుచేసిన కోడలికి, భర్తకు జబ్బు తెచ్చి ఉండగల కడవ నీళ్లే నేటికీ ఇస్తున్నారేమో చూడండి.

హెపటైటిస్ బి రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. శరీరం వెలుపల కూడా ఈ వైరస్ కనీసం 7 రోజులు బతుకుతుంది కాబట్టి ఒకరి బ్లేడు, టూత్‌బ్రష్ మరొకరు వాడకూడదు. జాతరలో ఒకే సూదితో వరుసగా పచ్చబొట్లు పొడిపించుకోకూడదు. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వాడిన సిరంజీలనే మళ్లీ వాడడం వల్ల ఈ జబ్బు ప్రబలి పలువురు మరణించారు. హెపటైటిస్ సి కూడా ప్రధానంగా రక్తం ద్వారానే సోకుతుంది. దానికి టీకా లేదు గాని, సాధారణంగా 12 వారాల మాత్రలతో నయమవుతుంది.

భర్తతో సహా ఇంటిల్లిపాదీ బి పరీక్ష చేయించుకుని, లేదని తేలినవారు మూడు మోతాదుల టీకా వేయించుకోవాలి. ఆమెకు రక్తంలో వైరస్ ఎంత ఉందో తెలిపే పరీక్ష ఇప్పుడే చేయించండి. ఎక్కువగా ఉంటే కాన్పుకు ముందే మాత్రలు మొదలుపెడతారు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాలలో పరీక్షలు, మందులు ఉచితం. పుట్టిన 24 గంటల్లోగా బిడ్డకు టీకా, దానితోపాటు మరో తొడకు ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను అడ్డుకునే సిద్ధమైన యాంటీబాడీల) ఇంజెక్షన్ పడాలి. తర్వాత 6, 10, 14 వారాల టీకాలు తప్పకూడదు. తల్లి నిస్సంకోచంగా పాలివ్వవచ్చు.

పసరు విషయానికి వస్తే, ఎ, ఇ కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గుతాయి. పేరు పసరుకు దక్కుతుంది. కొన్ని పసర్లు అప్పటికే నలిగిన కాలేయాన్ని ఇంకా దెబ్బతీస్తాయి. మీ మరిదికి వాంతులు ఆగకపోయినా, మత్తుగా ఉన్నా, మాట తడబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఇమ్యునోగ్లోబ్యులిన్ ప్రతి చిన్న ఆసుపత్రిలోనూ ఉండదు. మీరు కాన్పుకు అనుకున్న చోట అది ఉందో లేదో ఎనిమిదో నెలలోనే అడిగి, ఆమె కార్డు మీద పరీక్ష ఫలితం పెద్ద అక్షరాలతో రాయించండి.