వెయ్యండి, వెయ్యకండి

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ దీవించి వ్రాయునది.

చెవిటితనం గురించి జనంలో ఉన్న అపోహల మీద నువ్వు హాస్య ప్రదర్శన ఇవ్వబోతున్నావని మీ అమ్మ ఉత్తరం రాసింది. మురిసిపోయాను. నువ్వు రాసుకున్న పాఠాన్ని కూడా జతచేసి పంపింది గనుక, అది చదివాక కంగారు కూడా పడ్డాను.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే: వెలుగు ముఖం మీద పడేలా నిలబడు, సైగల భాషలోకి అనువదించేవారికి పాఠాన్ని వారం ముందే ఇవ్వు.

నీ హాస్యం చాలావరకు బాగుంది. చెవిటివారికి బ్రెయిలీ పుస్తకం తెచ్చి ఇచ్చే పెద్దమనిషి నాకూ తారసపడ్డాడు. వినికిడి యంత్రం కనిపించగానే చెవి దగ్గర అరిచేవారూ తారసపడ్డారు. ఆ యంత్రం శబ్దాన్ని పెంచుతుందే గాని ప్రతి మాటనూ విడమరచి చెప్పదు కాబట్టి, అరిస్తే గోల పెద్దదవుతుంది, అంతే. ప్రపంచమంతటికీ ఒకటే సైగల భాష అనుకునేవాడి ఘట్టాన్ని ఇంకొంచెం పెంచు. బ్రిటన్, అమెరికాలు రెండూ ఇంగ్లీషు మాట్లాడేవే అయినా వాటి సైగల భాషలు వేరు. 1817లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో బధిరుల బడి పెట్టినప్పుడు ఫ్రాన్సు నుంచి వచ్చిన లారెంట్ క్లర్క్ అనే బధిర ఉపాధ్యాయుడు అక్కడ పాఠాలు చెప్పడం వల్ల, అమెరికా సైగలు ఫ్రెంచి సైగలకే దగ్గర. శంఖం సామెతను కూడా ఉంచు. ఊదుతున్నవాణ్ణి చూసి కొరుకుతున్నావా అని అడిగినవాడు తన కంటికి కనిపించినదే చెప్పాడు గదా!

కాని "మా పెద్దమ్మ గది అవతలివాళ్ళ మాటలను కూడా పెదవులు చూసి చదివేస్తుంది" అన్న ఘట్టాన్ని తీసెయ్యి. నన్ను పొగడడానికే రాశావని తెలిసినా కోపం వచ్చింది. మన ఇంట్లో ఆ అపోహను పుట్టించినదాన్ని నేనే.

ఆరేళ్ళ వయసులో జ్వరం వచ్చి నా వినికిడి పోయింది. ఇరవై ఏళ్ళు వచ్చేసరికి పెదవులు చదవడాన్ని చుట్టాల మధ్య గారడీలా ప్రదర్శించేదాన్ని. అందులో సగం ఊహే. పాట, బాట, మాట అన్న మూడింటికీ పెదవులు ఒకేలా కదులుతాయి. ఏది అన్నారో సందర్భాన్ని బట్టి పోల్చుకోవలసిందే. తప్పు చెప్పినా నవ్వులలో కలిసిపోయేది. క్రమంగా ఇంట్లోవాళ్ళు నాకు రాసి చూపించడం మానేశారు, పరువు పోతుందని నేనూ అడగడం మానేశాను.

ఒకసారి మీ అమ్మమ్మను వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళి, ఆమెను బయట బల్ల మీద కూర్చోబెట్టి, చివరి మాటలు వినడానికి నేనొక్కదాన్నే లోపలికి వెళ్ళాను. ఆయన చీటీ మీదికి తల వంచి, పాత రక్తపోటు మాత్ర గురించి ఏదో చెప్పి, అర్థమైందా అన్నట్టు నా వైపు చూశాడు. తల ఊపాను. "వెయ్యండి" అన్నాడనుకున్నాను, ఆయన అన్నది "వెయ్యకండి". నడుమనున్న "క" నోటి లోపల, గొంతు దగ్గర పుట్టే అక్షరం. పెదవుల మీద దాని జాడే ఉండదు. కొత్త మాత్రతో పాటు పాతదాన్నీ నాలుగు రోజులు వేశాను. ఐదో రోజు అమ్మ మంచం దిగబోయి, కళ్ళు తిరిగి పడిపోయి, కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆనాటి నుంచి దిండు కింద చిన్న పుస్తకం, పెన్సిలు పెట్టుకుని, మంచినీళ్ళు అడగాలన్నా ఎడమ చేత్తో వంకరటింకరగా రాసి చూపించేది.

1880లో ఇటలీలోని మిలాన్‌లో సదస్సుకు చేరిన ఉపాధ్యాయులు కూడా బధిర పిల్లలకు పెదవులు చదివి నోటితో మాట్లాడడమే మేలని తీర్మానించి, సైగలను ఎన్నో బడుల నుంచి వెళ్ళగొట్టారు. అలాంటి సదస్సే మళ్ళీ 2010లో కెనడాలోని వాంకూవర్‌లో ఆ తీర్మానాలను త్రోసిపుచ్చి విచారం తెలిపేసరికి 130 ఏళ్ళు గడిచాయి. ఆ లెక్కన నేను త్వరగానే తెలుసుకున్నాను.

తీసేసిన చోట నా తప్పునే పెట్టుకో, తల్లీ. చెవులు మూసుకోమని చెప్పి, ఆ రెండు మాటలనూ పెదవులతో పలికి, ఏది అన్నావో ప్రేక్షకులనే చెప్పమను. నేను మొదటి వరుసలో కూర్చుంటాను. నీ మాట అందకపోతే తల ఊపను, చెయ్యెత్తుతాను. ఆగి మళ్ళీ చెప్పు.

నీ పెద్దమ్మ