జర్మనీలో రక్షిత ప్రాంతాలకు వెళ్లే ముందు

గేటు లేదు, టికెట్టు లేదు, కాపలా మనిషి కనిపించడు. మరి ఇది రక్షిత ప్రాంతమని తెలిసేదెలా అని జర్మనీకి కొత్తగా వచ్చిన మనవాళ్లు తరచుగా అడుగుతుంటారు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రిపూట వాహనాలను ఆపివేసే నల్లమలను ఎరిగినవారికి ఈ సందేహం రావడం సహజమే. జర్మనీలో చాలాచోట్ల హద్దును తెలిపేది దారి పక్కన పాతిన చిన్న పలక ఒక్కటే. పశ్చిమ రాష్ట్రాల్లో దాని మీద ఆకుపచ్చ అంచుగల త్రికోణంలో గద్ద బొమ్మ ఉంటుంది. తూర్పున ఎక్కువగా పసుపు పలక మీద నల్లని గుడ్లగూబ కనిపిస్తుంది.

బొమ్మ చూసి ఊరుకోకుండా కింది అక్షరాలు చదవండి. ‘నాటుర్‌షుట్స్‌గెబీట్’ (ప్రకృతి సంరక్షణ ప్రాంతం) అని ఉంటే నిబంధనలు కఠినమైనవి: సాధారణంగా గుర్తించిన దారి దిగకూడదు, పువ్వు కోయకూడదు, కుక్కను పట్టీతోనే నడిపించాలి, డ్రోన్ ఎగరవేయకూడదు. ‘లాండ్‌షాఫ్ట్స్‌షుట్స్‌గెబీట్’ (భూదృశ్య సంరక్షణ ప్రాంతం)లో ఊళ్లూ పొలాలూ కూడా ఉంటాయి కనుక నడకకు పెద్దగా అడ్డు ఉండదు; కానీ అక్కడ ఇల్లు కొనేవారు తోటలో చిన్న షెడ్డు వేసుకోవాలన్నా ముందుగా జిల్లా కార్యాలయంలోని ప్రకృతి సంరక్షణ విభాగాన్ని అడగడం మంచిది.

జాతీయ ఉద్యానవనాల సంగతి వేరు. 1970లో ఏర్పడిన బవేరియన్ ఫారెస్ట్ దేశంలో మొదటిది. అక్కడ ఎండి నిలిచిన స్ప్రూస్ చెట్లను చూసి, అడవిని గాలికి వదిలేశారని మనవాళ్లు పెదవి విరుస్తారు. నిజానికి 1983 గాలివానకు కూలిన చెట్లను, ఆ తర్వాత బెరడు పురుగు చంపిన చెట్లను ప్రధాన భాగంలో కావాలనే తొలగించలేదు. ఆ మోడుల మధ్యే కొత్త అడవి దానంతట అదే లేచింది. చూడదగిన చోటు ఏదని అడిగితే నేను మొదట చెప్పేది ఇదే.

బెర్షటెస్‌గాడెన్ జాతీయ ఉద్యానవనంలో కోనిగ్స్‌జే సరస్సు పైన, జలపాతం అంచున సహజంగా ఏర్పడిన మడుగు ఫోటోల వల్ల పేరుకెక్కింది. 2019లో ఇద్దరు యువకులు అక్కడ మునిగి చనిపోయారు. వచ్చేపోయేవారు తొక్కిన అడ్డదారుల వల్ల మొక్కలు నాశనం కావడంతో 2021లో ఆ చోటును ఐదేళ్లపాటు మూసివేస్తూ, ఉల్లంఘిస్తే 25,000 యూరోల వరకు జరిమానా అని ప్రకటించారు. కాబట్టి ఫోటో చూసి బయలుదేరకుండా, ఉద్యానవనం వారి తాజా ప్రకటన చూసుకొని వెళ్లండి.

సెలవులకు సరిహద్దు దాటి స్విట్జర్లాండ్ వెళ్లేవారికి ఇంకొక్క మాట: 1914లో స్థాపించిన స్విస్ జాతీయ ఉద్యానవనంలోకి కుక్కను పట్టీతో కూడా తీసుకువెళ్లనివ్వరు.