స్విఫ్ట్: పాతది తీసుకోవాలా, కొత్తదా?

తిరుపతిలో ఉంటూ కొండకి తరచూ వెళ్లేవాళ్లకి 2021-23 స్విఫ్ట్ సెకండ్ హ్యాండ్‌లో మంచిదా, 2024లో వచ్చిన కొత్తది మంచిదా అని అడిగారు కదా.

నడపడంలో మజా కావాలంటే పాతదే అండి. అందులో నాలుగు సిలిండర్ల ఇంజిన్, దాదాపు 90 హార్స్‌పవర్, ఘాట్ రోడ్డులో ఐదుగురితో ఎక్కుతూ సెకండ్ గేర్‌లో గట్టిగా తొక్కినా వణుకు లేకుండా నున్నగా లాగుతుంది, ఆ శబ్దం కూడా నాకు చాలా ఇష్టం. కొత్తదానికి మూడే సిలిండర్లు, పవర్ 82కి తగ్గింది. టౌన్‌లో మాత్రం బాగానే లాగుతుంది, మైలేజీ ఎక్కువ.

కానీ ఇంట్లో పిల్లలుంటే కొత్తదే తీసుకోండి, బేస్ మోడల్‌లోనే ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌పీ (బండి జారితే అదుపు తప్పకుండా చూసే సిస్టమ్) ఉన్నాయి, వానలో మలుపుల దగ్గర టెన్షన్ తగ్గుతుంది. పాతదైతే క్లచ్, బ్రేకులు మెకానిక్‌కి చూపించాకే అడ్వాన్స్ ఇవ్వండి.