లేయా నాలుగో కొడుకు

చిట్టితల్లికి,

ప్రభువు నామంలో వందనాలు. మొన్న రాత్రి ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే నాకు గొంతు పెగల్లేదు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. పెళ్లిచూపులకి వచ్చినావిడ “అమ్మాయి చదువు బాగుంది, రంగే కాస్త...” అని ఊరుకుందన్నావు. ఆ “కాస్త” ఎంత లోతుగా దిగుతుందో నాకు తెలుసమ్మా.

నీ వయసులో నేనూ ఆ మాట పడ్డాను. ఎవరో చెప్పారని మందుల షాపులో ఒక క్రీమ్ కొని రాత్రిళ్లు రాసుకునేదాన్ని. నెలరోజులు తెల్లబడినట్టే ఉంది. తర్వాత బుగ్గలు కందిపోయాయి, ఎండలోకి వెళ్తే మంట, చెంపల మీద నూగు. అందులో స్టెరాయిడ్ ఉందని స్కిన్ డాక్టర్ చెప్పేదాకా తెలియదు. నువ్వూ ఏదైనా రాస్తుంటే ఆ ట్యూబు డాక్టర్‌కి చూపించు. ఎలా మానాలో కూడా అడుగు, ఒక్కసారిగా ఆపేస్తే ఇంకా మండుతుంది.

ఆ రోజుల్లోనే బైబిల్లో ఆదికాండము 29వ అధ్యాయం నాకు అర్థమైంది. లేయా “జబ్బు కండ్లు గలది”, చెల్లెలు రాహేలు అందగత్తె. ఇద్దరూ యాకోబు భార్యలే, ఆయనకి రాహేలు మీదే ఎక్కువ ప్రేమ. కొడుకులు పుట్టారు కాబట్టి చివరికి లేయాయే గెలిచిందని ప్రసంగాల్లో అంటుంటారు. నేను ఒప్పుకోను. రూబేను పుట్టినప్పుడు, ఇక నా భర్త నన్ను ప్రేమిస్తాడనుకుంది. షిమ్యోను పుట్టినప్పుడూ తనని ద్వేషిస్తున్నారన్న బాధే. లేవి పుట్టాక, ఇప్పుడైనా ఆయన నన్ను హత్తుకుని ఉంటాడని ఆశపడింది. నాలుగోవాడు యూదా పుట్టినప్పుడు మాత్రం భర్త ఊసే లేదు. ఈసారి యెహోవాను స్తుతిస్తానంది, అంతే. యాకోబు మనసు మారిందని అక్కడ రాసి లేదు. ఆమె కళ్లు బాగయ్యాయనీ లేదు. మన యేసయ్య ఆ యూదా వంశంలోనే పుట్టాడు తల్లీ.

అలాగని ఒక్కరోజుతో తేలిపోయేది కాదు. తర్వాతి అధ్యాయంలోనే లేయా పుత్రదాత వృక్షపు పండ్ల దగ్గర మళ్లీ చెల్లెలితో మాటామాటా అనుకుంది. నీకూ ఆ బాధ మళ్లీ వస్తుంది. వచ్చినప్పుడు విశ్వాసం తక్కువైందని నిన్ను నువ్వు తిట్టుకోకు.

పొద్దున ముఖం కడుక్కోగానే ఫోన్ తీయకుండా, ఆ 29వ అధ్యాయంలో 31 నుంచి 35 వరకు ఐదు వచనాలూ పైకి చదువు. లేయా ఇంకా నోరు తెరవకముందే దేవుడు ఆమెని చూశాడని ఉంటుంది. అక్కడ కాసేపు ఆగు. ఏ ప్రార్థనా రాకపోయినా పర్లేదు, ఆయన చూస్తున్నాడని తెలిసి కూర్చో, చాలు. చక్కగా తయారవడం మానమని మాత్రం నేననను. ఇష్టమైనది కట్టుకో, తల నున్నగా దువ్వుకో.

బావగారితో నేను మాట్లాడతాను. రంగు మాట ఎత్తే సంబంధం ఇక మీ గుమ్మం తొక్కకూడదని చెబుతాను.

ఈస్టర్‌కి వస్తావుగా. ఏటా తెల్లవారుజామున సమాధుల దగ్గర ఆరాధన అయ్యాక అందరం ఫోటో దిగుతాం, నువ్వేమో ఎవరి భుజం వెనకో సగం ముఖం దాచుకుంటావు. ఈసారి ముందు వరసలో, నా పక్కన నిలబడు. నీ రంగుకి నప్పదని బీరువా అడుగున పెట్టేసిన పసుపుపచ్చ చీర సంగతి మీ అమ్మ చెప్పింది. అది తెచ్చుకో, కుచ్చిళ్లు నేను సర్దుతాను.

నీ పిన్ని