ఎస్ అంటే ఏమిటో తెలుగులో రాసేముందు

బిడ్డా,

నువ్వు హనుమకొండలో ల్యాబులో చేరుతున్నావని, కల్చర్ రిపోర్టుతో (పేషెంటు నమూనాలోని క్రిమిని పెంచి, ఏ మందు దానిమీద పనిచేస్తుందో చూసి ఇచ్చే కాగితం) పాటు పేషెంట్లకు అర్థమయ్యేలా తెలుగులో ఒక కాగితం కూడా రాసిస్తానని అక్కడి డాక్టరమ్మను ఒప్పించావని మీ బాపు ఫోన్‌లో చెప్పాడు. రాత్రంతా నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం భయం. రిపోర్టులో పొట్టిగా ఎస్ అని వచ్చే ససెప్టిబుల్ అనే ఇంగ్లిష్ మాటకు ఆ కాగితంలో ఏం రాస్తావు?

పని నీకు తెలుసు. క్రిములను పెంచే అగర్ జెల్లీ 4 మిల్లీమీటర్ల మందం, ఇంక్యుబేటర్‌లో 16 నుంచి 18 గంటలు, తర్వాత మందు బిళ్ల చుట్టూ క్రిములు పెరగని వలయాన్ని కొలవడం. అది వదిలేద్దాం.

నేను కొత్తగా చేరిన రోజుల్లో పరకాల వైపు నుంచి ఒకాయన తన తల్లి రిపోర్టు కోసం వచ్చాడు, ఆమెకు మూత్రంలో ఇన్ఫెక్షన్. సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ పక్కన ఎస్ అని ఉంది. "సారూ, ఈ ఎస్ అంటే ఏంది?" అన్నాడు. డిక్షనరీలో చూసిన అర్థం గుర్తొచ్చి, "ఈ మందును తట్టుకోదు అని" అనేశాను. ఎవరు తట్టుకోరో చెప్పలేదు. మన భాషలో క్రిమి అయినా తట్టుకోదు, అమ్మ అయినా తట్టుకోదు, క్రియ ఒకటే కదా! నేను క్రిమి సంగతి చెప్పాను, ఆయన తల్లి సంగతి విన్నాడు. ఇంటికెళ్లి మాత్రలు ఆపేశారు. ఐదో రోజు ఆమెను చలిజ్వరంతో, దుప్పటి కప్పి ఆటోలో తెచ్చారు. కొడుకు జేబులోంచి మాత్రల అట్ట తీసి చూపించాడు, రెండే రెండు గుంటలు ఖాళీగా ఉన్నాయి. ఆమె కోలుకుంది, కానీ ఆ అట్ట ఇప్పటికీ నా కళ్లముందే ఉంటుంది.

ససెప్టిబుల్ అనే మాటతో వచ్చిన చిక్కే అది. లాటిన్ మూలంలో అందుకోవడం, స్వీకరించడం అని అర్థం. షుగర్ ఉన్నవాళ్లు ఇన్ఫెక్షన్లకు ససెప్టిబుల్ అంటే చెడ్డ కబురు, క్రిమి మందుకు ససెప్టిబుల్ అంటే మంచి కబురు. అందుకే తెలుగులో రెండు మాటలు వాడు: మనుషులకైతే "తొందరగా సోకుతుంది", క్రిమికైతే "ఈ మందుకు క్రిమి లొంగుతుంది". కర్త లేకుండా వాక్యం రాయకు. ప్రోన్ (prone) అనే ఇంగ్లిష్ మాట దగ్గరిదే అయినా అది తరచూ అలా జరిగే స్వభావానికి వాడతారు, క్రిమి మందుకు ప్రోన్ అని ఎవరూ అనరు.

ఎస్ బదులు ఐ (మొదట్లో ఇంటర్మీడియట్, అంటే మధ్యస్థం) అని వస్తే మీ ల్యాబు ఎవరి నియమాలు పాటిస్తోందో ముందు అడుగు. ఈ పరీక్షలకు నియమాలు పెట్టే యూరప్ వాళ్ల సంస్థ యూకాస్ట్ 2019లో దాని అర్థం మార్చింది: మందు ఎక్కువ మోతాదులో అందితే క్రిమి లొంగుతుందని.

ఎస్ చూసి సొంతంగా మందు కొనుక్కోవద్దని కూడా రాయి. నిరుడు గొంతునొప్పికి షాపులో మూడు యాంటీబయాటిక్ మాత్రలు కొని మింగింది నువ్వే కదా? నాకు ఎంత కోపమొచ్చిందో! జ్వరంతో వాడిపోయిన నీ ముఖం చూసి ఏమీ అనలేకపోయాను.

ఆదివారం ఆ కాగితం తీసుకొని రా. మనకు పాలు పోసే అవ్వకు చదివి వినిపిద్దాం. ఎవరు లొంగుతారో ఆమె సరిగ్గా చెబితేనే ప్రింటుకివ్వు.

మీ పెద్దబాపు