హెడ్‌సెట్ ఎలా ఉందని ఆమె అడగలేదు

ప్రశ్న: నా వయసు 38. పెళ్లయి పదకొండేళ్లయింది. తొమ్మిదేళ్ల పాప ఉంది. ఇద్దరమూ ఉద్యోగాలు చేస్తున్నాం. ఇంటి మరమ్మతు కోసం రెండేళ్లుగా ఇద్దరం కలిసి దాచుకున్న డబ్బులోంచి, నా భార్యకు చెప్పకుండా, చాలా ఖరీదైన ఆగ్మెంటెడ్ రియాలిటీ హెడ్‌సెట్ (కళ్లను కప్పేలా తలకు తగిలించుకుంటే, చుట్టూ ఉన్న గదిలోనే తెరలూ బొమ్మలూ ఉన్నట్టు చూపించే పరికరం) ఒకటి కొన్నాను. ఆమెను ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. వస్తువు నిజంగా అద్భుతం. గోడంత తెర మీద సినిమాలు చూస్తున్నాను, ఆఫీసు పని కూడా అందులోనే చేసుకుంటున్నాను. అరగంట దాటితే నుదురు బరువెక్కి తలనొప్పి వస్తోంది గానీ అలవాటైపోతుందంటున్నారు. ఇలాంటివి కొన్నవాళ్లలో కొందరు ఆకాశానికెత్తుతున్నారు, కొందరు డబ్బు దండగ అంటున్నారు. రాత్రిళ్లు అవన్నీ చదువుతూ కూర్చుంటున్నాను. నా భార్య తిట్టలేదు, పోట్లాడలేదు. ఒకసారి పెట్టుకుని చూడమంటే "తరవాత" అంది. ఆ తరవాత ఇంకా రాలేదు. పాప మాత్రం "నాన్నా, నేను కనబడుతున్నానా?" అని అడుగుతుంటుంది. వాపసు ఇవ్వడానికి ఇంకా తొమ్మిది రోజుల గడువుంది. ఇది దుబారా కాదని ఆమెకు ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: మీ ఉత్తరంలో తలనొప్పికి దక్కినది ఒక్క వాక్యం. అది కూడా "గానీ" దగ్గర దారి మళ్లింది. ఆ తలనొప్పి సంగతి మీ భార్యకు తెలుసా? తెలియదనే అనుకుంటున్నాను. ఇంత ఖర్చు పెట్టి కొన్న వస్తువు వల్ల తల నొప్పిగా ఉందని ఇంట్లో చెప్పుకోవడం తేలిక కాదు. మింగలేక కక్కలేక ఉన్న మనిషి రాత్రంతా పరాయివాళ్ల అభిప్రాయాలు చదువుతాడు. ఆమె మిమ్మల్ని ఏమీ అడగలేదు. మీరేమో సాక్షులను పోగుచేసుకుంటున్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది.

ఆ సాక్షులు మీకు తీర్పు చెప్పలేరు. మీరు కంపెనీ పేరు రాయలేదు, నేనూ అడగను. ఈ తరహా వస్తువుల్లో అందరికీ తెలిసిన ఉదాహరణ ఆపిల్ విజన్ ప్రో. 2023 జూన్‌లో ప్రకటించారు, 2024 ఫిబ్రవరి 2న అమెరికాలో అమ్మకానికి పెట్టారు. అప్పట్లో ధర 3,499 డాలర్ల నుంచి మొదలైంది. దాని మీద వచ్చిన మాటలు గుర్తు చేసుకోండి. తెరల స్పష్టత చూసి నోరు వెళ్లబెట్టినవాళ్లున్నారు. ఇంతకన్నా గొప్పగా సినిమా ఎక్కడా చూడలేదన్నవాళ్లున్నారు. బరువుకు మెడ నొప్పి, కళ్ల మంట, తలనొప్పి అంటూ 14 రోజుల వాపసు గడువులోనే తిరిగి ఇచ్చేసినవాళ్లూ ఉన్నారు. నాకు విచిత్రంగా తోచినది వేరే. పొగిడినవాళ్లు, తిరిగి ఇచ్చినవాళ్లు రెండు జట్లేమీ కాదు. "నేను వాడినవాటిలో ఇంత అద్భుతమైనది లేదు" అన్న మనిషే తరవాత దాన్ని పెట్టెలో సర్ది దుకాణానికి తీసుకెళ్లిన సందర్భాలున్నాయి. అద్భుతంగా ఉండటం ఒకటి, రోజూ తల మీద మోయగలగడం మరొకటి. మొదటి మోడల్ బరువు 600 నుంచి 650 గ్రాముల దాకా ఉంది, అది చాలావరకు ముఖం మీదే పడుతుంది. బ్యాటరీ విడిగా తీగకు వేలాడుతుంది. అది రెండు గంటలు వస్తుంది.

అలవాటైపోతుందన్న మాట కొంతవరకే నిజం. ఇలాంటి పరికరాల్లో తెర కంటికి అతి దగ్గరగా ఉంటుంది. కటకాల వల్ల ఆ బొమ్మ ఒక స్థిరమైన దూరంలో ఉన్నట్టు కంటికి అనిపిస్తుంది. బొమ్మలోని వస్తువు దగ్గరికి వచ్చినప్పుడు రెండు కళ్లూ లోపలికి తిరుగుతాయి, కంటిలోని కటకం మాత్రం పాత దూరం మీదే నిలిచి ఉండాలి. మెదడుకు ఒకేసారి రెండు పొంతనలేని కబుర్లు అందుతాయి. కొందరు దీన్ని తట్టుకుంటారు, కొందరికి కళ్లు లాగుతాయి, తల దిమ్మెక్కుతుంది. మీరు ఏ కోవకు చెందుతారో పక్కవాడి అనుభవం చెప్పదు. అరగంటకే నొప్పి వస్తోందంటే కంటి వైద్యుడికి చూపించుకోండి. ఎప్పటినుంచో ఉన్న చూపు లోపం కూడా ఇలా బయటపడవచ్చు.

ఇక పాప ప్రశ్న. మీ ఉత్తరం మొత్తంలో నన్ను పట్టి ఆపినది అదే. విజన్ ప్రో తయారుచేసినవాళ్లు ముందువైపు ఒక తెర అమర్చి, లోపలున్న మనిషి కళ్ల బొమ్మను బయటికి చూపించే ఏర్పాటు చేశారు. ఎదురుగా ఉన్నవాళ్లకు కళ్లు కనిపించకపోతే బాగుండదని వాళ్లకూ తట్టిందన్నమాట. ఆ బొమ్మ మసకగా ఉందనీ, దెయ్యం చూస్తున్నట్టుందనీ చాలామంది పెదవి విరిచారు. అంతమంది ఇంజినీర్లు తల బద్దలు కొట్టుకున్న ప్రశ్ననే మీ పాప సూటిగా అడిగింది. మీకు కెమెరాల ద్వారా ఆమె కనబడుతూనే ఉంది. కానీ ఆ సంగతి పాపకు తెలిసే దారి లేదు. ఆమె పిలిచినప్పుడు దాన్ని తీసి కింద పెట్టి, కళ్లలోకి చూసి జవాబు చెప్పండి. లోపలినుంచి "కనబడుతున్నావమ్మా" అనడం చాలదు. సరదాకైనా దాన్ని పాప తలకు పెట్టకండి. 13 ఏళ్ల లోపు పిల్లలకు విజన్ ప్రో ఉద్దేశించినది కాదని దాని తయారీదారే చెప్పారు. మీ పరికరం పుస్తకంలో వయసు గురించి ఏం రాశారో చూడండి.

కొత్త వస్తువుల మీద నాకూ మోజు లేకపోలేదు. బంధువుల ఇంట్లో ఒకసారి ఇలాంటిది పది నిమిషాలు పెట్టుకున్నాను. గాలిలో చేతులు ఊపుతూ మురిసిపోయాను. తీసేసరికి ఎదురుగా కూర్చున్నవాళ్లు ముసిముసిగా నవ్వుతున్నారు, నాతో మాట్లాడుతున్న ఆవిడ లేచి వెళ్లిపోయి చాలాసేపయిందట. లోపలున్నవాళ్లకు ఆ పది నిమిషాలు ఒకటి, బయటివాళ్లకు మరొకటి. 2013లో చిన్న తెర, కెమెరా అమర్చిన కళ్లజోడు గూగుల్ గ్లాస్ వచ్చినప్పుడూ ఇదే గొడవ. 1,500 డాలర్లు పోసి పెట్టుకున్నవాళ్లు మురిసిపోయారు, ఎదుటివాళ్లకేమో తమను చిత్రీకరిస్తున్నారేమోనన్న అనుమానం.

మీ భార్య దగ్గరికి వద్దాం. మౌనం అర్ధాంగీకారం అంటారు. పదకొండేళ్ల కాపురంలో మౌనానికి ఆ అర్థం ఉండదు. అదే డబ్బుతో ఆమెకు ఎంతో ఇష్టమైన వస్తువు కొని తెచ్చినా ఈ "తరవాత" వినబడేదేననుకుంటాను. ఆశ్చర్యపరుద్దామనుకున్నానని రాశారు. ఆ డబ్బులో సగం ఆమె సంపాదన. ఆమె డబ్బుతోనే ఆమెను ఆశ్చర్యపరచడం ఎలా కుదురుతుంది? అడిగితే వద్దంటుందని మీకు ముందే తెలుసు, అందుకే అడగలేదు. కొంచెం కటువుగా అంటున్నాను, కాదనిపిస్తే మరోసారి ఉత్తరం రాయండి.

అయితే మీలోని ఒక కోరికను మాత్రం నేను తప్పు పట్టను. రోజంతా ఉద్యోగం, ఇల్లు, పిల్ల. ఆ హెడ్‌సెట్ పెట్టుకున్నాక రెండు గంటలు ఎవరూ మిమ్మల్ని పలకరించరు. మీకు నచ్చినది గోడంత తెరా, ఆ ఏకాంతమా? 38 ఏళ్ల మనిషి తనకంటూ కాస్త సమయం కావాలనుకోవడంలో సిగ్గుపడాల్సినది ఏమీ లేదు. కానీ దాన్ని నోటితో అడగాలి. ఆమెకూ అలాంటి రెండు గంటలు కావాలేమో, ఆమె ఎక్కడికి వెళ్లి తెచ్చుకుంటోంది? బహుశా మీరిద్దరూ ఎన్నడూ మాట్లాడుకోని విషయం ఇదే. ఇల్లు బాగుచేయించుకోవడానికి దాచిన డబ్బు ఒక తెరగా మారడానికి కారణం కూడా ఇక్కడే ఉండవచ్చు.

ఆమెకు నచ్చజెప్పే ప్రయత్నం మానండి. మూడు రోజులు దాన్ని పెట్టెలో పెట్టేయండి. మీకు ఏది వెలితిగా అనిపిస్తుందో గమనించండి. సినిమానా, పనికి దొరికిన పెద్ద తెరా, లేక ఆ ఏకాంతమా అన్నది మీకే తెలుస్తుంది. పాప పడుకున్నాక ఆమెతో కూర్చుని ఇంత చెప్పండి: "నిన్ను అడగకుండా మన డబ్బు తీశాను. వద్దంటావని తెలిసే అడగలేదు. అది పెట్టుకుంటే నాకు తల నొప్పిగా ఉంటోంది, ఆ సంగతీ దాచాను." అక్కడ ఆపండి. "కానీ" అని మరో వాక్యం మొదలుపెట్టవద్దు. పెట్టుకుని చూడమని బతిమాలవద్దు. ఆమె కోపం తెచ్చుకుంటే తెచ్చుకోనివ్వండి. ఈ మౌనం కన్నా అదే నయం.

ఉంచాలా, ఇచ్చేయాలా అన్నది ఆ తరవాత ఇద్దరూ కలిసి తేల్చుకోండి. తలనొప్పి తగ్గనిదాన్ని ఉంచుకోవడంలో నాకైతే అర్థం కనబడటం లేదు. ఇచ్చేస్తే "నీ కోసం త్యాగం చేశాను" అన్న మాట ఏడాది తరవాత కూడా మీ నోట రాకూడదు. ఉంచుదామని ఆమే అంటే, తీసిన మొత్తాన్ని మీ సొంత ఖర్చులు తగ్గించుకుని నెలనెలా తిరిగి జమచేయండి. ఏ నెలకు పూర్తవుతుందో ఆమె ముందే కాగితం మీద రాయండి.

ఈ జవాబు మీరు చదివేసరికి గడువు దాటిపోయి ఉండవచ్చు. అప్పుడు అమ్మకానికి పెడితే ధర బాగా తగ్గుతుంది, ఇలాంటి వస్తువులకు కొత్త మోడల్ రాగానే పాతదాన్ని అడిగేవాళ్లు తక్కువ. ఆ నష్టం మీదే, ఉమ్మడి ఖాతాది కాదు. కంటి వైద్యుడి దగ్గరికి మాత్రం ఆమెను కూడా తోడు రమ్మనండి.